చెవిలో గ్రోమెట్ వేయించాలా, ఆగాలా? నాలుగేళ్ల బాబు తల్లికి నా సమాధానం

మీరు రాసింది క్లుప్తంగా ఇది. బాబుకి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. నవంబరు చివర జలుబు, చెవిపోటు వచ్చి తగ్గాయి. అప్పటినుంచి పిలిస్తే పలకడం తగ్గింది, టీవీ సౌండ్ పెంచమంటాడు, బళ్లో టీచరు “చెప్పిన మాట వినడు” అంటున్నారు, రాత్రిళ్లు గురక పెడుతున్నాడు. జనవరి 20న, మళ్లీ మార్చి 3న పరీక్ష చేస్తే రెండుసార్లూ రెండు చెవుల్లో నీరు ఉందని వచ్చింది. వినికిడి కుడివైపు 35, ఎడమవైపు 30 డెసిబెల్స్ (ఈ అంకె ఎంత పెద్దదైతే వినికిడి అంత తక్కువ). ఒక ఈఎన్‌టీ డాక్టరు గ్రోమెట్లు (కర్ణభేరిలో అమర్చే బుల్లి గొట్టాలు) వెయ్యాలన్నారు, ఇంకొకరు ఆగమన్నారు. మీ అత్తగారేమో పసివాడి చెవికి కత్తి పెట్టించొద్దు, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక నిద్ర పట్టడం లేదన్నారు.

నేను ఆడియాలజిస్టుని. పదిహేడేళ్లుగా పిల్లల వినికిడి పరీక్షలు చేస్తున్నాను. ఆపరేషన్ చేసేది సర్జన్, నేను కాదు. అయితే ఆపరేషన్‌కి ముందు, తర్వాత ఆ పిల్లలు నా గదికే వస్తారు. మా అమ్మాయికి మూడున్నరేళ్లప్పుడు రెండు చెవులకీ గ్రోమెట్లు వేయించాం కాబట్టి, ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో కూర్చున్న తల్లి పరిస్థితీ నాకు తెలుసు.

ముందు మీ మనసు తేలికపడే మాట చెప్తాను. ఆ ఇద్దరు డాక్టర్ల మాటలకీ మీరనుకున్నంత తేడా లేదు. చెవిలో నీరు మూడు నెలలు దాటి ఉంటేనే గ్రోమెట్ గురించి ఆలోచించాలన్నది అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2013లో ఇచ్చి 2022లో సవరించిన మార్గదర్శకాల్లో ఉంది. ఇంగ్లండులోనూ వెంటనే ఆపరేషన్‌కి వెళ్లకుండా మూడు నెలలు గమనించే పద్ధతే ఉంది. మొదటి డాక్టరు ఆ మూడు నెలల్ని నవంబరు జలుబు నుంచి లెక్కపెట్టి ఉంటారు. రెండో డాక్టరు జనవరి 20న చేతికొచ్చిన రిపోర్టు నుంచి లెక్కపెట్టి ఉంటారు. నీరు ఎప్పుడు చేరిందో కచ్చితంగా తెలిస్తే అప్పటినుంచి, తెలియకపోతే మొదట కనిపెట్టిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. నవంబరులో చెవి చూసిన డాక్టరు చీటీ మీద ఏమైనా రాసి ఉంటే ఆ కాగితం వెతికి తీయండి. లేకపోతే జనవరి 20 నుంచే లెక్క, అంటే ఏప్రిల్ 20.

మూడు నెలలే ఎందుకంటే, చెవిపోటు తగ్గాక లోపల నీరు మిగలడం మామూలు విషయం. నొప్పి తగ్గిన నెలకి పది మందిలో నలుగురికి ఇంకా నీరు ఉంటుంది. మూడు నెలలకి అది ఒక్కరికి తగ్గుతుంది. అంటే తొమ్మిది మందికి ఏమీ చెయ్యకుండానే పోతుంది. తొందరపడితే దానంతట అదే తగ్గేదానికి కూడా మత్తు ఇచ్చినట్టవుతుంది.

ఇప్పుడు చెవిలో ఏం జరుగుతోందో చెప్తాను, ఎందుకంటే గ్రోమెట్ అంటే చాలామంది నీరు బయటికి పోయే గొట్టం అనుకుంటారు. కర్ణభేరి వెనక ఉండే మధ్యచెవి గాలి నిండిన చిన్న గది. ఆ గదికి గాలి అందేది ముక్కు వెనక నుంచి వచ్చే ఒక సన్నని నాళం ద్వారా. మనం గుటక వేసినప్పుడల్లా అది ఒక్క క్షణం తెరుచుకుంటుంది. పెద్దవాళ్లలో ఆ నాళం పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, సరిగా తెరుచుకోదు. జలుబు చేసినా, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండ వాచినా మూసుకుపోతుంది. లోపలి గాలిని చెవి పొరలే పీల్చేసుకుంటాయి, గదిలో పీడనం పడిపోతుంది, దాంతో నీరు ఊరుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ నీరు చిక్కబడి జిగురులా తయారవుతుంది. ఇంగ్లండులో దీన్ని ‘గ్లూ ఇయర్’ అనే పిలుస్తారు. నూనె డబ్బాకి ఒక పక్కే చిల్లు పెడితే నూనె ఆగి ఆగి వస్తుంది, ఎదురుగా ఇంకో చిల్లు పెడితే ధారగా వస్తుంది కదా, గ్రోమెట్ ఆ రెండో చిల్లు. లోపలికి గాలి ఆడేలా చేస్తే చాలు, పొరలు వాటంతట అవే ఆరతాయి. అమెరికా సర్జన్ బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1954లో ప్లాస్టిక్ గొట్టంతో ఈ పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఇవాళ వేసేవి బియ్యపు గింజ కంటే చిన్నవి, మధ్యలో మిల్లీమీటరు రంధ్రం ఉన్న దారపు రీళ్లలాంటివి.

ఈ నీటికి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వచ్చేదల్లా వినికిడి తగ్గడం. అది కూడా చెవుడులా కాదు, రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని వింటున్నట్టు. మామూలుగా మీటరు దూరంలో మనం మాట్లాడే మాట 50 నుంచి 60 డెసిబెల్స్ ఉంటుంది. అందులోంచి 30 తీసేస్తే మిగిలేది గుసగుస. ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడితే బాబు అన్నీ అర్థం చేసుకుంటాడు. ఫ్యాను తిరుగుతూ, నలభై మంది పిల్లలు గోల చేసే తరగతిలో, నల్లబల్ల వైపు తిరిగి టీచరు చెప్పే మాట వాడిదాకా రాదు.

మన భాషలో ఇంకో ఇబ్బంది ఉంది. నా గదిలో ఎన్నోసార్లు చూశాను. తెలుగులో అర్థం మాట చివర్లో ఉంటుంది. “పెట్టు” అన్నా “పెట్టకు” అన్నా మొదలు ఒకటే. “బల్లమీద”, “బల్లకింద” అన్నప్పుడు మొదటి సగం గట్టిగా, చివరి సగం మెల్లగా అంటాం. నీరున్న పిల్లాడికి ఆ చివర జారిపోతుంది. వాణ్ని ముట్టుకోవద్దన్న వస్తువే ముట్టుకుంటాడు, తన్నులు తింటాడు. “మొండివాడు” అని తల్లే నాతో చెప్పిన పిల్లల్లో నిజానికి మాట చివర వినపడనివాళ్లు చాలామంది. మీ బాబుని టీచరు తిడుతున్నారని రాశారు. రేపే ఈ రిపోర్టు జిరాక్స్ తీసి ఆవిడకి ఇవ్వండి. ముందు వరసలో కూర్చోబెట్టమని, పిలిచి మొహం చూశాకే చెప్పమని అడగండి. దీనికి ఏ డాక్టరు అనుమతీ అక్కర్లేదు, ఈ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇక నిర్ణయం. నేను మూడు సంగతులు చూస్తాను. ఎన్నాళ్లుగా ఉంది, బాగా వినే చెవికి ఎంత వినపడుతోంది, పిల్లాడి రోజు గడవడం మీద దాని దెబ్బ ఎంత. నీరుందా లేదా అన్నది ఒక్కటే చూసి తేల్చకూడదు.

మొదటిది పైన చెప్పాను. రెండోదాంట్లో చాలామంది పొరపడతారు. బాబు కుడిచెవి 35 అని కంగారు పడుతున్నారు, కానీ చూడాల్సింది ఎడమచెవి 30. మనిషి బతికేది మంచి చెవి మీద. ఇంగ్లండులో 2008 నాటి మార్గదర్శకాలు రెండు చెవుల్లోనూ నీరు మూడు నెలలుండి, మంచి చెవి కూడా 25 నుంచి 30 డెసిబెల్స్ దగ్గరో అంతకంటే అధ్వానంగానో ఉంటే ఆపరేషన్ ఆలోచించమన్నాయి. మీ బాబు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాడు. ఒక్క చెవిలోనే నీరుండి రెండోది శుభ్రంగా ఉన్న పిల్లాడైతే నేను చాలా నెలలు ధైర్యంగా ఆగమనేదాన్ని.

మీ రిపోర్టులో ఇంకో గీత ఉందో లేదో చూడండి. గ్రాఫు మీద గాలి ద్వారా విన్నదానికి ఒక గుర్తు, చెవి వెనక ఎముక మీద పెట్టి వినిపించినదానికి ఇంకో గుర్తు ఉండాలి. ఎముక ద్వారా మామూలుగా వినిపిస్తూ, గాలి ద్వారానే తగ్గితే తప్పు మధ్యచెవిదే, నీరు పోతే వినికిడి తిరిగి వస్తుంది. ఎముక పరీక్ష చెయ్యకపోతే చేయించండి. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, చాలా ఏళ్ల కిందట ఆరేళ్ల పాప వచ్చింది. రెండు చెవుల్లో నీరు. “నీరు పోతే అదే సర్దుకుంటుంది” అని అంతకుముందు రెండేళ్లు ఆగారు. చివరికి గ్రోమెట్లు వేశాక పరీక్షిస్తే ఇంకా 45 దగ్గరే ఆగింది. నీటి వెనక పుట్టుకతో వచ్చిన నరాల వినికిడి లోపం ఉంది. నీటి మీదే అందరి దృష్టీ ఉండిపోయింది. ఆ పాపకి వినికిడి మిషన్లు పెట్టేసరికి ఒకటో తరగతి సగం అయిపోయింది. ఆ అమ్మ నా ముందు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

మూడో సంగతి, పిల్లాడి మీద పడే దెబ్బ. ఇక్కడ పిల్లలందరూ ఒకటి కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ డాక్టర్లు మూడేళ్లలోపు ఆరోగ్యవంతులైన పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి వెంటనే, ఇంకో జట్టుకి నెలల తరబడి ఆగి అవసరమైతేనే గొట్టాలు వేశారు. 2001లో, మళ్లీ ఆ పిల్లలు 9 నుంచి 11 ఏళ్లవాళ్లయ్యాక 2007లో ఫలితాలు ప్రచురించారు. మాటలో, చదువులో, తెలివిలో తేడా రాలేదు. ఆగితే పిల్లాడి మెదడు వెనకబడిపోతుందని మిమ్మల్ని ఎవరైనా భయపెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి. కానీ ఆ అధ్యయనం వేరే ఇబ్బందేమీ లేని పిల్లల మీద చేసింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, అంగిలి చీలికతో పుట్టినవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, మాటలు ఆలస్యమైనవాళ్లు, చూపు తక్కువున్నవాళ్లు, ముందే వినికిడి లోపం ఉన్నవాళ్లకి అది వర్తించదు. వాళ్ల విషయంలో మూడు నెలల నియమాన్ని పట్టుకుని కూర్చోకూడదు, డాక్టరు త్వరగా వెయ్యాలంటే దానికి కారణం ఉంటుంది. మీ బాబుకి మాటలు వేళకే వచ్చాయని, ఈమధ్యే కొన్ని అక్షరాలు మింగేస్తున్నాడని రాశారు. అది ఆగడానికి వీలిచ్చే పరిస్థితే, అయితే కన్నేసి ఉంచాల్సిన పరిస్థితి కూడా.

మీ మాటలో ‘చెవిపోటు’ ఒక్కసారే ఉంది కాబట్టి రెండో రకం పిల్లల గురించి ఎక్కువ చెప్పను. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు చీముతో చెవిపోటు వచ్చేవాళ్లకి కూడా గ్రోమెట్లు వేస్తారు, అదీ పరీక్షించిన రోజున చెవిలో నీరు కనిపిస్తేనే. 2021లో పిట్స్‌బర్గ్ డాక్టర్ల ఆధ్వర్యంలోనే 6 నుంచి 35 నెలల వయసున్న 250 మంది మీద చూస్తే, గొట్టాలు వేసినవాళ్లకి ఏడాదికి సగటున 1.48 సార్లు, మందులతో నడిపినవాళ్లకి 1.56 సార్లు చెవిపోటు వచ్చింది. పెద్ద తేడా లేదు. అందుకే చెవిపోట్ల కోసం మాత్రమే అంటే నేను రెండుసార్లు ఆలోచించమంటాను. వినికిడి కోసం అయితే సంగతి వేరు.

వినికిడికి ఎంత లాభం అంటే, అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మొదటి ఆరు నెలల్లో సగటున 10 డెసిబెల్స్ దాకా. ఏడాది తర్వాత వేయించుకున్నవాళ్లకీ వేయించుకోనివాళ్లకీ తేడా కరిగిపోతుంది, ఎందుకంటే ఆలోపు రెండోవాళ్లలో చాలామందికి నీరు దానంతట అదే పోతుంది. అంటే గ్రోమెట్ కొని పెట్టేది కాలాన్ని. ఎల్‌కేజీ నుంచి యూకేజీకి వెళ్లే పిల్లాడికి ఆ ఆరు నెలలు ఎంత విలువైనవో తల్లిగా మీరే చెప్పగలరు. ఇంకో మాట, ఆ 10 అనేది సగటు. నీరు గట్టిగా పట్టుకుని ఉన్న పిల్లాడికి గ్రోమెట్ వేసిన రోజు కనిపించే తేడా అంతకంటే ఎక్కువ.

మా అమ్మాయి సంగతి చెప్తాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకెళ్లాం. మత్తు డాక్టరు చెప్పిన గంట దాటాక నీళ్లు కూడా ఇవ్వలేదు, దాహమని ఏడ్చింది, ఆ గంటే అన్నిటికంటే కష్టం. లోపల మాస్కుతో మత్తిచ్చి, మైక్రోస్కోపులో చూస్తూ కర్ణభేరికి చీమ తలంత గాటు పెట్టి, జిగురు లాగేసి గొట్టం కూర్చారు. రెండు చెవులకీ కలిపి పావుగంట. కుట్లు లేవు, కట్టు లేదు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. మర్నాడు నేను వంటింట్లో మిక్సీ వేస్తే, ఎప్పుడూ దాని పక్కనే ఆడుకునే పిల్ల రెండు చెవులూ మూసుకుని హాల్లోకి పరిగెత్తింది. కాసేపాగి వచ్చి “అమ్మా, ఫ్యాను మాట్లాడుతోంది” అంది. ఇన్నాళ్లూ దానికి ఫ్యాను చప్పుడు తెలియదన్నమాట. ఈ పని చేసే నేను కూడా మా ఇంట్లో ఇన్ని నెలలు ఆ సంగతి గమనించలేదని ఆ రోజు చాలా బాధపడ్డాను.

భయపడే విషయాలు కూడా దాచను. చెవి కారడం అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది, గొట్టం ఉన్న కాలంలో చాలామంది పిల్లలకి కనీసం ఒకసారి వస్తుంది. దానికి చుక్కల మందు చాలు. నెదర్లాండ్స్‌లో 230 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో (2014) రెండు వారాల తర్వాత చుక్కలు వేసినవాళ్లలో 5 శాతం మందికే చెవి ఇంకా కారుతోంది, నోటి ద్వారా యాంటీబయాటిక్ తాగించినవాళ్లలో 44 శాతం మందికి కారుతోంది. సిరప్ రాసిస్తే “చుక్కలు చాలవా డాక్టర్‌గారూ” అని అడగడానికి మొహమాటపడకండి. అయితే చుక్కలు ఏవి పడితే అవి వెయ్యకూడదు. గొట్టం ఉన్న చెవిలో వేసింది నేరుగా లోపలి చెవి గుమ్మందాకా పోతుంది. ఆఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ రకం ఫర్వాలేదు. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి లోపలి చెవికి హాని చేసి వినికిడి పోగొట్టగలవు. గులిమి కరిగించే చుక్కలు అసలు వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం ఆపెయ్యండి.

గొట్టం సాధారణంగా 6 నెలల నుంచి ఏడాదిన్నరలో దానంతట అదే ఊడి, గులిమితో పాటు బయటికి వచ్చేస్తుంది. మా అమ్మాయిది ఒకటి దిండు మీద దొరికింది. ఊడాక కర్ణభేరి మూసుకుంటుంది. నూటికి ఇద్దరు ముగ్గురికి చిల్లు మిగిలిపోవచ్చు, అప్పుడు పెద్దయ్యాక దాన్ని మూయించాలి. కొందరికి కర్ణభేరి మీద తెల్లమచ్చ పడుతుంది, దానివల్ల వినికిడికి సాధారణంగా నష్టం ఉండదు. గొట్టం ఊడాక నీరు మళ్లీ చేరి రెండోసారి వెయ్యాల్సి వచ్చే పిల్లలూ ఉంటారు. ఇది ముందే తెలిసుంటే అప్పుడు డాక్టరుని నిందించరు.

రెండోసారి రాకుండా ఎడినాయిడ్స్ మాట వస్తుంది. మీ బాబుకి గురక ఉందన్నారు, నాలుగేళ్లు దాటాయి. నాలుగేళ్లలోపు ముక్కు మూసుకుపోయే ఇబ్బంది ఉంటే తప్ప ఎడినాయిడ్స్ జోలికి పోరు. నాలుగు దాటినవాళ్లలో గ్రోమెట్‌తో పాటు వాటిని తీసేస్తే నీరు మళ్లీ చేరే అవకాశం తగ్గుతుంది. ఎలాగూ మత్తు ఇస్తున్నప్పుడు రెండూ ఒకేసారి అయిపోతాయి. నోరు తెరిచి నిద్రపోతాడా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతాడా చూసి, ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి సర్జన్‌కి చూపించండి. నోటితో వర్ణించడం కంటే అది బాగా పనికొస్తుంది.

ఈ ఆగే రోజుల్లో మందులు వాడాలా? నీరు పోవడానికి జలుబు సిరప్‌లు, ముక్కు దిబ్బడ మందులు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మాత్రలు పనిచెయ్యవని చాలాసార్లు తేలింది. ముక్కు స్ప్రే అలర్జీ ఉన్నవాళ్లకి ఆ అలర్జీ కోసం మంచిదే, ఈ నీటి కోసం కాదు. ఒక్కటి మాత్రం ప్రయత్నించొచ్చు. ముక్కుతో ఊదే ప్రత్యేకమైన బెలూన్ దొరుకుతుంది. ఒక ముక్కు మూసి రెండోదానితో ఊదితే ఆ నాళం తెరుచుకుంటుంది. ఇంగ్లండులో 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు 320 మందిలో చూస్తే మూడు నెలలకి ఊదినవాళ్లలో దాదాపు సగం మందికి, ఊదనివాళ్లలో 38 శాతం మందికి చెవి మామూలుగా అయింది. పెద్ద లాభం కాదు, హానీ లేదు. రోజుకి మూడుసార్లు ఓపిగ్గా ఊదే పిల్లాడైతేనే పని. ఇంట్లో చుట్ట, సిగరెట్ తాగేవాళ్లుంటే పిల్లాడున్న గదిలో, వరండాలో కూడా వద్దని చెప్పండి. పొగ ఈ జబ్బుని పెంచుతుందన్నది తేలిన విషయం.

మీ అత్తగారి నూనె గురించి. ఆవిడది ప్రేమే, ఆవిడ పిల్లల్ని అలాగే పెంచారు. కానీ నీరున్నది కర్ణభేరికి అవతల. ఇటునుంచి పోసిన నూనె అక్కడికి పోదు. కాస్త వేడెక్కువైతే లోపల కాలుతుంది, దానిమీద దుమ్ము చేరితే బూజు పడుతుంది. గ్రోమెట్ వేశాక నూనె పోస్తే ఆ రంధ్రంలోంచి లోపలికే పోతుంది, అప్పుడు ఖాయంగా ప్రమాదం. ఆవిడకి మీరు చెప్పకుండా, ఈసారి పరీక్షకి ఆవిణ్ని కూడా వెంట తీసుకురండి. మనవడు ఏ చప్పుడికి పలుకుతున్నాడో, ఏ చప్పుడికి బొమ్మలా కూర్చుంటున్నాడో అద్దంలోంచి తన కళ్లతో చూస్తే ఆవిడే మెత్తబడతారు. ఇలా మారిన నాయనమ్మలు నాకు చాలామంది తెలుసు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఏప్రిల్ 20 వరకు ఆగండి. ఎండలు ముదిరి జలుబులు తగ్గే కాలం, చాలా చెవులు అప్పుడే ఆరతాయి. బడికి కూడా దాదాపు అప్పుడే సెలవులిస్తారు కాబట్టి ఈ ఆగడంవల్ల చదువు నష్టం తక్కువ. ఆ వారంలో మళ్లీ పరీక్ష చేయించండి. ఒక చెవైనా ఆరి, మంచి చెవి 20 దగ్గరికి వస్తే ఆపరేషన్ వద్దు, మూడు నెలలకోసారి చూసుకుంటూ వెళ్లండి. కర్ణభేరి కదలికని కొలిచే గ్రాఫు రెండు చెవులకీ చదునుగానే ఉండి (అంటే నీరు అలాగే ఉండి), మంచి చెవి 25 నుంచి 30 దగ్గరే ఉంటే ఇంక వాయిదా వెయ్యొద్దు, మేలో చేయించెయ్యండి. జూన్‌లో బడి తెరిచేసరికి వాడు వింటూ వెళ్తాడు. ఈలోపు మాట ఇంకా తగ్గినా, అడుగులు తూలుతున్నా, చెవిలోంచి చీము గానీ రక్తం గానీ వచ్చినా ఏప్రిల్ దాకా ఆగకుండా వెళ్లండి.

మే నెలలో వేయిస్తే అమ్మమ్మగారి ఊరి చెరువు సంగతి అడుగుతారు. తలస్నానానికి, స్విమ్మింగ్ పూల్‌లో పైపైన ఈదడానికి అడ్డు లేదు, చెవిలో బిరడాలు తప్పనిసరి కాదని ఇప్పుడు చెప్తున్నారు. చెరువు, కాలువ నీళ్లలో మునగడం, దూకడం మాత్రం వద్దు. షాంపూ, కుంకుడు నురగ గొట్టంలోకి తేలిగ్గా జారుతుంది కాబట్టి తల రుద్దేటప్పుడు వాజలిన్ రాసిన దూది చెవి బయట పెడితే సరిపోతుంది. విమానం ఎక్కితే గొట్టం ఉన్న చెవికి మామూలు చెవి కంటే సుఖం.

ఖర్చు ఇబ్బందైతే పరీక్షలకి జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అనే పిల్లల విభాగం ఉందేమో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకి చెవి జబ్బు, వినికిడి లోపం కూడా చూస్తారు. అంగన్‌వాడీ లేదా బడి ద్వారా పేరు రాయిస్తే పని తేలిక.

పరీక్ష రోజు బాబు బాగా నిద్రపోయి, తిని రావాలి. కొత్త జలుబు ఉంటే వారం వాయిదా వేసుకోండి. ఇప్పటినుంచే ఇంట్లో ఒక ఆట ఆడించండి. వాడి చేతిలో చిక్కుడు గింజ పెట్టి చెవి దగ్గర ఉంచమనండి. మీరు వెనక నిలబడి మెల్లగా “పా” అన్నప్పుడే దాన్ని గిన్నెలో వెయ్యాలి, లేకపోతే కదలకూడదు. ఒక్కోసారి పది సెకన్లు ఏమీ అనకుండా ఊరుకోండి. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. ఈ ఆట వచ్చిన పిల్లాడు మా గదిలో ఇరవై నిమిషాల్లో కచ్చితమైన అంకెలు ఇస్తాడు. మార్చి 3న వాడు భయపడి సగం పరీక్షలో ఏడ్చాడని రాశారు కదా, ఆ 30 నిజంగా 30యేనా కాదా అన్నది ఈసారి తేలుతుంది.